బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా తమ్ముడు హైదరాబాద్‌లో తాపీ పని చేస్తాడు. సైట్లో ఇనుము పోయిందని దొంగతనం కేసు పెట్టి రిమాండుకు పంపారు. ఇంతకుముందు వాడిమీద ఏ కేసూ లేదు. బెయిలు వచ్చి 22 రోజులైంది. 25 వేల చొప్పున ఇద్దరు ష్యూరిటీలు కావాలన్నారు. మా నాన్న పొలం పాస్‌పుస్తకం పట్టుకుని రాత్రి రైలెక్కి వెళ్తే, ‘వేరే రాష్ట్రం పొలం చెల్లదు, ఇక్కడివాళ్లే కావాలి’ అని తిప్పి పంపారు. కోర్టు బయట ఒకాయన 6 వేలిస్తే ష్యూరిటీలను తానే తెస్తానంటున్నాడు. సినిమా హీరోకైతే ఒకే రోజు అరెస్టూ అయింది, బెయిలూ వచ్చింది. వాళ్లకో చట్టం, మాకో చట్టమా?

జవాబు: ముందు ఆ 6 వేల సంగతి. ఇవ్వకండి. అలా కిరాయికి వచ్చే ష్యూరిటీల కాగితాలు దొంగవని తేలితే ఉన్న బెయిలు పోవడమే కాక, ఫోర్జరీ కేసొకటి మెడకు చుట్టుకుంటుంది. ఇంకో మాట. ష్యూరిటీ మొత్తం ముందే కట్టే డబ్బు కాదు. ముద్దాయి వాయిదాలకు రాకుండా ముఖం చాటేస్తే కడతామన్న పూచీ మాత్రమే.

ఇక మీ ప్రశ్న. మీరంటున్నది 2024 డిసెంబరు 13 సంగతి అనుకుంటాను. సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో ఆ రోజు అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు. నాంపల్లి కోర్టు 14 రోజుల రిమాండు విధించింది. అదే సాయంత్రం తెలంగాణ హైకోర్టు 4 వారాల మధ్యంతర బెయిలిచ్చింది. ఆ కేసులో తప్పొప్పులు తేల్చాల్సింది కోర్టే. బెయిలివ్వడం కూడా హైకోర్టుకు ఉన్న అధికారమే. సినిమా హీరోలకని చట్టంలో వేరే సెక్షనేమీ లేదు. కింది కోర్టులో రిమాండు వ్యవహారం నడుస్తుండగానే హైకోర్టులో ఆయన తరఫున లాయర్లు వాదిస్తున్నారు. తేడా అక్కడుంది. అంతటివారికీ ఉత్తర్వు కాపీ జైలుకు సమయానికి అందక, ఆ రాత్రి చంచల్‌గూడలో గడపక తప్పలేదు. కాగితం ఆలస్యమైతే ఆయనకు ఒక రాత్రి, మీ తమ్ముడికి 22 రాత్రులు. డబ్బూ పేరూ పనిచేసేది ఈ రాత్రుల లెక్కలోనే.

మీ తమ్ముడి కథ సుప్రీంకోర్టుకు కొత్త కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ ఇలాగే ఇరుక్కున్నాడు. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు 10 వేల రూపాయలకు ష్యూరిటీ అడిగారు. తోడబుట్టినవాడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టమన్నారు. ఊరుగాని ఊళ్లో అరెస్టయిన ఆంధ్రుడో తమిళుడో అక్కడ ఆస్తున్న మనిషిని ఎక్కణ్నుంచి తెస్తాడన్నది ఆ తీర్పులో ఆయన ఆవేదన. మీ నాన్న పాస్‌పుస్తకం పట్టుకుని తిరిగొచ్చిన రోజుకు ఆ తీర్పు వచ్చి 40 ఏళ్లు దాటింది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. బెయిలు ఉత్తర్వు కాపీ అదే రోజు గానీ మర్నాడు గానీ జైలు ద్వారా ఖైదీకి అందాలి. 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. విడుదలకు అడ్డం పడుతున్న కారణాల్లో లోకల్ ష్యూరిటీ షరతు ఒకటని గుర్తించి, అది పెట్టకుండా ఉంటే మంచిదనీ సూచించింది.

ఆ నెల నిండేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఇవి చేయండి:

• లాయర్: జైల్లో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. 15100 నంబరుకు ఫోన్ చేయండి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు మీ తమ్ముడి చేత జైలు అధికారులకు అర్జీ పెట్టించండి.

• షరతుల సడలింపు: బెయిలిచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయండి. సొంత పూచీకత్తు మీద వదలమనండి. లేదా వేరే రాష్ట్రం ష్యూరిటీని ఒప్పుకోమనండి. బయటికొచ్చి ష్యూరిటీలు తెచ్చుకుంటానంటే కొద్దిరోజుల తాత్కాలిక బెయిలు కూడా అడగవచ్చు.

• మొత్తం తగ్గింపు: పూచీకత్తు మితిమీరి ఉండకూడదని భారతీయ నాగరిక సురక్షా సంహిత 484వ సెక్షన్ అంటోంది. కింది కోర్టు వినకపోతే సెషన్స్ కోర్టు తగ్గించవచ్చు.

• ఆర్థిక సాయం: పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. పూచీకత్తు కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల వరకు ఇవ్వవచ్చని అప్పటి మార్గదర్శకాలు చెప్పాయి. న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడగండి.

మీ లాయరును మరో ప్రశ్న కూడా అడగండి. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలి. అవసరం లేదనుకుంటే అదే సంహిత 35(3) సెక్షన్ కింద నోటీసిచ్చి పిలిపించాలి. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే. మీ తమ్ముడి రిమాండు రిపోర్టులో ఆ కారణాలున్నాయో లేదో చూడమనండి.

2022 చివరికి దేశంలోని జైళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. నేరం ఇంకా రుజువు కానివాళ్లు. హీరోగారి లాయర్లకు పై దారులన్నీ కంఠతా వచ్చు, మీకు ఎవరూ చెప్పలేదు. ఈసారి మీ నాన్నను రైలెక్కించే ముందు బెయిలు ఉత్తర్వు నకలు ఒకటి తీసుకోండి. నేరుగా ఆ కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయానికి వెళ్లమనండి. అక్కడ ఫీజు అడగరు.