వ్యవసాయ పరిశోధనకు కేంద్ర ధనము: కాళహస్తి తెగులు నేర్పిన పాఠము

ఈ మాసపు పాఠమునకు మేము ఎంచుకొన్న విషయము ధనమునకు సంబంధించినదే. కాని వడ్డీ, వాయిదాల లెక్క కాదు. పంటల పరిశోధనకును, ఆ పరిశోధనాఫలమును రైతు పొలమునకు చేర్చు పనికిని ధనమును ఎవరు వ్యయపఱచవలెను? రైతా, విత్తన వర్తకుడా, రాష్ట్ర ప్రభుత్వమా, కేంద్ర ప్రభుత్వమా? ఇది ఢిల్లీలో పెద్దలు తేల్చుకొనవలసిన ప్రశ్నయని మనలో పలువురు తలంతురు. మన ప్రాంతపు వేరుసెనగ చేలలో జరిగిన యొక సంగతిని పరిశీలించినచో, ఇది మన యింటి ప్రశ్నయేయని తెలియగలదు.

1. తెగులు, దాని కారణము

1975-76 ప్రాంతమున శ్రీకాళహస్తి పరిసరములందు, నాటి చిత్తూరు, నెల్లూరు జిల్లాలలోని గ్రామములలో, వేరుసెనగకు ఒక క్రొత్త తెగులు కనబడెను. చేనిలో మొక్కలు అచ్చటచ్చట గిడసబాఱి యుండెను. పెఱికి చూచిననే గాని అసలు సంగతి బయటపడలేదు. ఊడలు పొట్టివయ్యెను, కాయలు చిన్నవయ్యెను, పెంకుపై గోధుమరంగు మచ్చలు పుట్టి, ముదిరిన కొలది కాయ యంతయు నల్లబాఱెను. అట్టి కాయకు అంగడిలో మంచి ధర పలుకదని వేఱుగ చెప్పనక్కఱలేదు. పుట్టిన తావును బట్టి దీనికి కాళహస్తి తెగులని పేరు వచ్చినది.

దీని కారణమును రైతు కంటితో కనుగొనజాలడు. ఇది బూజు కాదు, ఆకు తిను పురుగు కాదు. మట్టిలో నుండి ఊడలను, లేత కాయలను పట్టి పీల్చు నులిపురుగు ఇది. సూక్ష్మదర్శినితో గాని కానరాదు. కావున మొదట దానిని గుర్తించుటకే శాస్త్రజ్ఞుడు, పరికరము, ప్రయోగశాల కావలసివచ్చెను. ఎరువు చాలలేదని కొందఱు, నీరు చాలలేదని కొందఱు తలచి వృథావ్యయము చేయుట కారణము తెలియని తెగుళ్లన్నింటను జరుగునదే.

కారణము తెలిసిన పిమ్మట మందు వేయుట ఒక మార్గము. అది ప్రతి సంవత్సరము ఖర్చు. మట్టికిని నీటికిని మేలు చేయునది కాదు. రెండవ మార్గము, తెగులును తట్టుకొను రకమును కనుగొనుట. ఇందుకు అనేక రకముల విత్తనములను తెప్పించి, తెగులున్న మట్టిలోనే విత్తి, నిలిచినవానిని ఏఱి, మంచి దిగుబడి గలవానితో సంపర్కము చేసి, పలు పొలములందు పరీక్షింపవలెను. ఈ పనిని తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమువారు ఏండ్ల తరబడి చేసిరి. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ పరిశోధనా సంస్థవారును తోడ్పడిరి. తత్ఫలముగ 'తిరుపతి 3' అను రకమును, తరువాత 'కాళహస్తి' అను రకమును వెలువడినవి. తెగులు పేరే దానిని తట్టుకొను విత్తనమునకు పేరైనది.

2. వర్తకుడు ఈ పనిని ఏల చేయడు?

ఇందుకు కారణములు మూడు.

మొదటిది: వేరుసెనగ తనంతట తానే ఫలదీకరణము చెందు పంట. ఒకసారి కొన్న విత్తనమును రైతు దాచుకొని మఱుసటి యేడు విత్తుకొనవచ్చును, పొరుగువానికి బదులీయవచ్చును. సంకరజాతి మొక్కజొన్న వలె ఏటేట కొనవలసిన పని లేదు. ఇది రైతునకు మేలు. విత్తన వర్తకునకు లాభము లేదు.

రెండవది: తెగులు ఒక చిన్న ప్రాంతమునకు చెందినది. దేశమంతట అమ్ముడుపోవు సరకుపై పెట్టుబడి పెట్టువాడు నాలుగు తాలూకాల రైతుల కష్టమును చూచి పెట్టడు. అందు తప్పేమియు లేదు, అది వర్తకధర్మము.

మూడవది: కాలము. ఒక క్రొత్త రకమును తయారుచేయుటకు పది పండ్రెండేండ్లు పట్టుట సాధారణము. పెట్టిన రూపాయ అంతకాలము తిరిగి రాకున్నను ఓర్చుకొనువారు ఎవరు? ప్రభుత్వము తప్ప వేఱొకరు లేరు.

3. రాష్ట్ర మొక్కటియే చాలునా?

రాజ్యాంగమును చదివినవారు ఇచ్చట ఒక ఆక్షేపణ తేవచ్చును. ఏడవ షెడ్యూలులోని రాష్ట్రముల జాబితాయందు 14వ అంశముగ వ్యవసాయము, వ్యవసాయ విద్య, పరిశోధన, తెగుళ్ల నివారణ చేర్పబడినవి. కావున ఖర్చును రాష్ట్రమే భరింపవలెను గదా యని వారి వాదము. అధికారము రాష్ట్రమునకు ఉండుట సమంజసమే. తిరుపతి మట్టిని ఎఱిగినవారు తిరుపతిలోనే యుండవలెను. కాని ఫలము రాష్ట్రపు ఎల్లలో ఆగదు.

మన పొలములనే చూడుడు. రాయలసీమలో దశాబ్దముల తరబడి విత్తిన టి.ఎం.వి. 2 వేరుసెనగ, 1940లో తిండివనము కేంద్రమువారు గుడియాత్తం గుత్తి రకమునుండి ఏఱి తీసినది. గుడియాత్తం చిత్తూరునకు అనతి దూరమున నున్నది. నేడు తిండివనము, గుడియాత్తం తమిళనాడులోనివి. వాని ఫలమును అనుభవించినవారిలో తెలుగు రైతులు లక్షలమంది. ఒక రాష్ట్రము ఖర్చు పెట్టగా మఱొక రాష్ట్రము పండించుకొనును. ఇట్లున్న పనిలో ప్రతి రాష్ట్రమును 'పక్కవాడు చేయనిమ్ము' అని ఊరకుండు అపాయము గలదు. తెగుళ్లకును ఎల్లలు లేవు. పలమనేరు దాటి కర్ణాటకకు, నగరి దాటి తమిళనాడునకు పోవు పురుగును ఏ చెక్‌పోస్టును ఆపజాలదు.

చెఱకును చూతము. రకముల పేర్లకు ముందుండు 'కో' అనునది కోయంబత్తూరును తెలుపును. అచ్చట 1912లో చెఱకు ప్రజననశాల స్థాపింపబడెను. 1918లో వెలువడిన కో 205 ఉత్తర హిందూస్థానపు చెఱకు సేద్యమునే మార్చివైచినది. కోయంబత్తూరులో చెఱకు చక్కగ పూయును గనుక సంపర్కములు అచ్చట జరుగును. ఆ విత్తనమును రాష్ట్రముల కేంద్రములకు పంపగా, వారు తమ నేలకు తగినదానిని ఏఱుకొందురు. 'కో టి 8201' అను రకములో 'కో' కోయంబత్తూరుది, 'టి' తిరుపతిది. కేంద్ర ధనమును స్థానిక జ్ఞానమును కలసి పనిచేయవలసిన విధమంతయు ఆ రెండక్షరములలో ఉన్నది. పెరుమాళ్లపల్లె కేంద్రము లేకున్న కోయంబత్తూరు విత్తనము మన నేలకు తగునో లేదో ఎవరికి తెలియును? కోయంబత్తూరు లేకున్న పెరుమాళ్లపల్లెకు ఏఱుటకు విత్తన మెక్కడిది?

ఈ సూత్రము మీదనే 1957లో మొక్కజొన్నతో అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకములు మొదలైనవి. వ్యవసాయ విశ్వవిద్యాలయములలో నడచు ఈ పథకములకు నూటికి 75 వంతులు కేంద్రమును, 25 వంతులు రాష్ట్రమును భరించుట పద్ధతి.

4. ఇది క్రొత్త కోరిక కాదు

1919 సంస్కరణలతో వ్యవసాయము రాజధానీ ప్రభుత్వముల వశమైనది. వాని బొక్కసములు చిన్నవి. 1926లో నియమింపబడి, లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షతను 1928లో నివేదిక నొసగిన రాయల్ కమిషను ఈ లోపమును గుర్తించి, దేశమంతటి పరిశోధనకు తోడ్పడునట్టి యొక కేంద్ర పరిషత్తును, దానికి 50 లక్షల రూపాయల నిధిని సిఫారసు చేసెను. 1929 జూలై 16న ఆ పరిషత్తు ఏర్పడెను. అదియే నేటి భారత వ్యవసాయ పరిశోధనా పరిషత్తు. అది 1930 దశకమున మెట్ట సేద్యమునకై ధనమిచ్చిన కేంద్రములలో నాటి బళ్లారి జిల్లాలోని హగరి ఒకటి. వానకు ఎదురుచూచు మన సీమ రైతులకు ఆ పని ఎంత దగ్గఱిదో చెప్పనక్కఱలేదు.

1940లో, ఎగుమతియగు పలువిధముల వ్యవసాయపు సరకుల విలువపై నూటికి అర్ధ రూపాయ చొప్పున సుంకము విధించి, ఆ ధనమును పరిషత్తున కిచ్చు చట్టము వచ్చెను. అనగా రైతు పండించిన సరకే పరిశోధనకు పెట్టుబడి పెట్టినది. 2006లో ఆ సుంకము రద్దైనది. కావున నేడు మనము అడుగునది భిక్ష కాదు. వెనుకటి తరమువారు నాటిన చెట్టునకు నీరు పోయుమనుటయే.

ఇతర దేశములును ఈ దారినే నడచినవి. అమెరికాలో వ్యవసాయ కళాశాలలకు 1862లో భూములను, ప్రతి రాష్ట్రమునందలి ప్రయోగ కేంద్రమునకు 1887 చట్టముచే కేంద్ర ధనమును, 1914 చట్టముచే విస్తరణ సేవకు కేంద్ర రాష్ట్రముల ఉమ్మడి ధనమును ఏర్పఱచిరి. 1964లో ఏర్పడిన మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఆ మాదిరిని చూచి కట్టినదే. కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు దానికి తోడ్పడిరి. నేడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో నున్న ఆ విశ్వవిద్యాలయమునకే తిరుపతి పరిశోధనా స్థానమును, 1961లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాలయు చెందియున్నవి.

5. నేటి లెక్క

2024-25 కేంద్ర బడ్జెటులో వ్యవసాయ పరిశోధన, విద్యల శాఖకు కేటాయించినది సుమారు 9,900 కోట్ల రూపాయలు. అదే బడ్జెటులో ఎరువుల రాయితీకి కేటాయించినది సుమారు 1,64,000 కోట్లు. ఎరువునకు పదునాఱు రూపాయలు పెట్టుచోట, ఎరువు తక్కువతో పండు రకమును కనుగొనుటకు ఒక రూపాయ. ఎరువు రాయితీని తీసివేయుమని మేము చెప్పుట లేదు. అది ఈ యేటి పంటను కాపాడును. పరిశోధన పదేండ్ల తరువాతి పంటను కాపాడును. రెండును కావలెను.

దేశపు వ్యవసాయోత్పత్తి విలువలో నూటికి ఒక రూపాయయైనను పరిశోధనకు పోవలెనని నిపుణులు పలుమార్లు చెప్పియున్నారు. మన దేశమున అది చిరకాలముగ అర్ధ రూపాయ ప్రాంతముననే యున్నది. అందును ఎక్కువ భాగము జీతములకును పింఛనులకును పోగా, ప్రయోగపు మళ్లకు, పరికరములకు, పర్యటనలకు మిగులునది స్వల్పము. ఏరు దాటుటకు పడవ కొని తెడ్డునకు డబ్బు లేదన్నట్లు, శాస్త్రజ్ఞుని నియమించి అతనికి మట్టి పరీక్షించు సామగ్రి ఈయకున్న లాభమేమి?

6. రెండు ఆక్షేపణలు

'ఆ ధనమును మాకే చేతికిచ్చిన మేలు గదా' అని కొందఱందురు. 2019 నుండి కేంద్రము అర్హులైన రైతు కుటుంబములకు ఏటికి 6,000 రూపాయలు ఇచ్చుచున్నది. అది అక్కఱకు వచ్చు ధనమే. కాని వేయిమంది రైతులు తమ 6,000 రూపాయలను విడివిడిగ ఖర్చుచేసినను నులిపురుగును తట్టుకొను విత్తనము పుట్టదు. కొన్ని పనులు కూడినప్పుడే అగును. సహకార సంఘ సభ్యులకు ఈ మాట క్రొత్తది కాదు.

'పరిశోధన కాగితములందే యున్నది, పొలమునకు రాలేదు' అని మఱి కొందఱందురు. ఇది బరువైన మాట, దీనిని త్రోసివేయరాదు. 1974లో పుదుచ్చేరిలో మొదటిది వెలసిన కృషి విజ్ఞాన కేంద్రములు నేడు దేశమున ఏడు వందలకు పైగా గలవు. కలికిరియందును, తిరుపతి చెంతను ఉన్నవి. ఇవి కేంద్ర పరిషత్తు ధనముతో నడచుచున్నవి. ఐనను ఒక కేంద్రమునకు కొలదిమంది నిపుణులు, వందల గ్రామములు. గ్రామములోని వ్యవసాయ సహాయకునకు పంట నమోదు, పథకముల పట్టికలే పగలంతయు తీసికొనును. కావున ఈ ఆక్షేపణకు సమాధానము ధనము తగ్గించుట కాదు. విస్తరణకు వేఱుగ ధనమును, మనుష్యులను కోరుట.

విత్తనము చేరుటలోని ఆలస్యమునకు ఒక లెక్క చూడుడు. ఒక ఎకరపు వేరుసెనగ పంట మఱుసటి కారున ఎనిమిది ఎకరములకు విత్తనమగునని అనుకొందము. పది ఎకరముల మూల విత్తనము రెండవ కారున 80 ఎకరములు, మూడవ కారున 640, నాలుగవ కారున 5,120 ఎకరములు మాత్రమే యగును. నడుమ ఒక కారు వానలు తప్పినను, విత్తనమును తినుటకో అమ్ముటకో వాడినను లెక్క వెనుకకు పోవును. ఇచ్చట మన సంఘములకు పని గలదు: నమ్మకమైన సభ్యుల పొలములలో విత్తనమును పెంచి, వేఱుగ నిలువచేసి, సభ్యులకే పంచుట.

7. సంఘములు చేయవలసిన పని

రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ క్రింది కోరికలను తీర్మానముగ చేసి పార్లమెంటు సభ్యునికిని, వ్యవసాయ శాఖకును పంపవలెనని మా సలహా.

మొదటిది: వ్యవసాయోత్పత్తి విలువలో నూటికి ఒక రూపాయకు తగ్గకుండ పరిశోధనకు కేటాయింపబడవలెను, కేంద్రము తన వాటాను క్రమముగ పెంచవలెను.

రెండవది: జీతములు గాక ప్రయోగములకై వేఱు మొత్తము నిర్ణయింపబడవలెను, అది ఏటేట మురిగిపోక ఐదేండ్లకు నిలిచి యుండవలెను.

మూడవది: ఒక చిన్న ప్రాంతమునకే పరిమితమైన తెగుళ్లకును ధనము దొరకునట్లు ప్రాంతీయ స్థానములకు కొంత భాగము ప్రత్యేకింపబడవలెను.

నాలుగవది: పరిశోధనకు పెట్టు ధనముతో పాటు విస్తరణకును నిర్ణీత భాగము ఉండవలెను, పరిశోధనా స్థానముల సలహా సభలలో సహకార సంఘముల రైతులకు స్థానమీయవలెను.

పఠన తరగతులకు ప్రశ్నలు

మీ గ్రామమున నేడు విత్తుచున్న వేరుసెనగ, వరి, చెఱకు రకములు ఏ కేంద్రమున పుట్టినవి? మీ పొలమునకు వచ్చిన తెగుళ్లలో ఇంతవఱకు కారణము తేలనిది ఏది? దానిని ఎవరికి తెలిపితిరి? మీ సంఘము ఎన్ని ఎకరముల విత్తనమును పెంచగలదు?

సభ్యులు ఈ ప్రశ్నలకు సమాధానములను వ్రాసి తెచ్చినచో తీర్మానమునకు బలము చేకూరును. కాళహస్తి తెగులు వచ్చినప్పుడు చూచుటకు ఒక స్థానమును, అందు పనివారును ఉండిరి. రేపు రాబోవు తెగులునకు పేరు ఏ యూరిదో తెలియదు; దానిని చూచువారు అప్పుడును ఉండునట్లు చేయుట నేటి మన పని.