చెక్కు తేదీ, మంజూరు తేదీ

చిరంజీవి మేనకోడలికి,

మాదాపూర్ హాస్టల్లో తిండి బాగానే ఉందన్నావని విని మీ అమ్మ కుదుటపడింది. అకౌంట్సు సెక్షన్లో సీటిచ్చారన్నావు, సంతోషం. నువ్వడిగినదానికి ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. "ఫార్ములా-ఈ డబ్బు ఎవరి జేబులోకీ పోలేదంటున్నారుగా మావయ్యా, మరి తప్పేంటి?" అన్నావు.

ఆ డబ్బు హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నుంచి వెళ్లింది. ముందు హెచ్‌ఎండీఏ డబ్బు ఎక్కడిదో చూడు. ఆదివారం పూట కోకాపేట వైపు వెళ్లిరా. 2023 ఆగస్టులో అక్కడ 45 ఎకరాలు వేలం వేస్తే 3,319 కోట్లు వచ్చాయి. ఒక ప్లాటు ఎకరం వంద కోట్లు దాటింది. ఇవికాక లేఅవుట్లకీ భవనాలకీ జనం కట్టే ఫీజులు. ఒకసారి అమ్మితే మళ్లీ రాని భూమి, ఇల్లు కట్టుకునేవాడి రుసుము, ఇవీ ఆ ఖజానా.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన దేశంలో తొలి ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. ఊరికి పేరొచ్చిందన్నది నిజమే. రెండో ఏడాది రేసు కోసం హెచ్‌ఎండీఏ నుంచి దాదాపు 55 కోట్లు వెళ్లాయి. క్యాబినెట్ ఆమోదం, ఆర్థికశాఖ సమ్మతి, రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా పంపారని అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) ఆరోపణ. 2023 అక్టోబరు మొదట్లో డబ్బు వెళ్లిందనీ, ఒప్పందం మీద సంతకాలు అదే నెల 30న పడ్డాయనీ అంటోంది. 2024 డిసెంబరులో కేసు పెట్టింది. నిర్ణయం తనదేననీ, హైదరాబాద్ పేరు నిలపడానికే చేశాననీ, రూపాయి పక్కదారి పట్టలేదనీ అప్పటి పురపాలక మంత్రి కె.టి.రామారావు అంటున్నారు. కేసు కొట్టేయమన్న ఆయన పిటిషన్‌ను 2025 జనవరిలో హైకోర్టు తోసిపుచ్చింది. నేరమో కాదో కోర్టే తేలుస్తుంది.

నీ ప్రశ్నకి నా జవాబు మాత్రం కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి బోరుబావి బిల్లు ఆడిట్‌కి వచ్చింది. మా సూపరింటెండెంటుగారు ఓచరూ, నోట్‌షీటూ పక్కపక్కన పెట్టి బొటనవేలి గోటితో రెండు తేదీలు చూపించారు. చెక్కు పదో తారీఖు, మంజూరు ఇరవై రెండో తారీఖు. "బోర్లో నీళ్లు పడ్డాయి సార్, ఊరంతా తాగుతున్నారు" అన్నాను. "నీళ్లు పడని బోరుకీ డబ్బు ఈ దారినే పోతుందయ్యా, అభ్యంతరం రాయి" అన్నారు.

ఇక పేరు సంగతి. ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరి రేసు రద్దయిందని జనవరిలోనే నిర్వాహకులు ప్రకటించారు. తెలంగాణ పురపాలక శాఖ ఒప్పందం నిలబెట్టుకోలేదని కూడా ప్రపంచానికంతా చెప్పారు. ఊరి పేరు కోసమని పంపిన డబ్బు చివరికి ఊరికి తెచ్చిపెట్టింది ఈ మాట. క్యాబినెట్‌లో చర్చించి, ఆర్థికశాఖ ఒప్పుకున్న ఫైలైతే, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని అంత తేలిగ్గా మాది కాదనలేరు. రద్దు చేయాలన్నా కారణం చెప్పాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే ఆ దానానికి ఇంట్లో ఎవరూ జవాబుదారీ కారు.

ఇంకోటి గమనించు. నిందితుల్లో అప్పటి మంత్రితోపాటు ఒక ఐఏఎస్ అధికారి, అప్పటి హెచ్‌ఎండీఏ చీఫ్ ఇంజనీరు ఉన్నారు. రేసు రోజు చప్పట్లు కొట్టినవాళ్లెవరినీ విచారణకి పిలవరు. కాగితం మీద సంతకం ఉన్నవాళ్లనే పిలుస్తారు.

నీ టేబుల్ మీదికీ "అర్జంటు, ర్యాటిఫికేషన్ తర్వాత చూసుకుందాం" అనే ఫైలు వస్తుంది. ఎవరితోనూ వాదించకు. నోట్‌షీటు మీద రెండు వాక్యాలు రాయి: మంజూరు ఉత్తర్వు ఫైలులో లేదు, అది అందాక బిల్లు పాస్ చేయవచ్చు. కింద సంతకం, తేదీ. పైవాళ్లు కాదనుకుంటే ఆ ముక్క వాళ్లే రాసి సంతకం పెడతారు.

మీ పెద్దమావయ్య