నుదుటి మీది అంకె

పిల్లలూ! మీరు బడిలో మధ్యాహ్న భోజనం ఎవరి పక్కన కూర్చుని తింటారు? ఎవరి పక్కన కూర్చోరు? ఎందుకు కూర్చోరో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక మనిషి సంగతి తెలుసుకోకముందే అతనిమీద ఏర్పరచుకునే చెడు అభిప్రాయాన్ని దురభిప్రాయం అంటాం. అది ఎలా పనిచేస్తుందో ఒక ఆట ఆడి చూద్దాం.

కావలసినవి: 20 అట్టముక్కలు, దారం, స్కెచ్ పెన్ను, 20 మంది పిల్లలు. ఉపాధ్యాయులు తప్పక దగ్గర ఉండాలి.

ఆడే పద్ధతి: 1 నుంచి 10 వరకు ఒక్కొక్క అంకెను రెండేసి ముక్కలమీద రాయండి. 10 అందరికన్నా గొప్ప, 1 అందరికన్నా తక్కువ. ఉపాధ్యాయులు ముక్కలను కలిపి, ఎవరి అంకె వారికి కనిపించకుండా నుదుటికి కట్టాలి. మీరంతా పెళ్ళిపందిట్లో ఉన్నారనుకోండి. ఐదు నిమిషాలపాటు ఎదుటివారి అంకె చూసి పలకరించండి. 9, 10 కనిపిస్తే "రండి, కూర్చోండి" అనాలి. 1, 2 కనిపిస్తే ముఖం తిప్పుకోవాలి. కొట్టడం, తిట్టడం, కులం పేరు ఎత్తడం కూడదు. అంకె బయటికి చెప్పకూడదు. తరువాత మీ అంకె ఎంతో ఊహించుకుని వరుసలో నిలబడండి. ఇప్పుడు ముక్కలు విప్పి చూసుకోండి.

గమనించండి: సాధారణంగా వరుసకు రెండు చివరలా ఉన్నవారు తమ చోటు సరిగానే పోల్చుకుంటారు. మధ్యవారే తికమక పడతారు. ఎవరూ చెప్పకుండానే అంకె ఎలా తెలిసింది? ఎదుటివారి ముఖాల్లో చదువుకున్నారు! 1 వచ్చినవారు గోడవారకు ఎప్పుడు చేరారు? 10 వచ్చినవారి నడక మారిందా? అట్టముక్క ఎవరి తెలివినైనా పెంచిందా, తగ్గించిందా? ముక్కలు మళ్ళీ కలిపి, అంకెలు మార్చుకుని ఇంకొకసారి ఆడండి.

అమెరికాలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్ళో జేన్ ఇలియట్ అనే ఉపాధ్యాయిని 1968 ఏప్రిల్‌లో ఇలాంటి పాఠమే చెప్పారు. నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మరునాడే మొదలుపెట్టారు. నీలికళ్ళ పిల్లలు, గోధుమరంగు కళ్ళ పిల్లలు అని తరగతిని రెండుగా విడదీసి, ఒక వర్గమే గొప్పదన్నారు. తరువాత తారుమారు చేశారు. తక్కువ అనిపించుకున్న పిల్లలు చదువులోనూ వెనకబడ్డారు. కంటి రంగు మెలనిన్ అనే పదార్థం ఎంత ఉందన్నదాన్నిబట్టి వస్తుంది. తెలివికీ దానికీ సంబంధం లేదు.

మన అట్టముక్కను ఐదు నిమిషాల్లో విప్పేశాం. పుట్టగానే కట్టిన ముక్క అయితే? నిజాం కాలంలో జనగామ ప్రాంతంలో దొరల గడీలకు వెట్టిచాకిరి చేయవలసి వచ్చేది. ఎవరు ఏ పని చేయాలో కులమే నిర్ణయించేది. పాలకుర్తికి చెందిన ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. కాని కులవృత్తినే ముందు చేర్చి "చాకలి ఐలమ్మ" అన్నారు. 1940లలో ఆమె కౌలుకు తీసుకుని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ కాజేయబోతే, సంఘం కార్యకర్తల అండతో ధాన్యాన్ని ఇల్లు చేర్చింది. ఇతరులు కట్టిన అంకెను ఆమె ఒప్పుకోలేదు. 1985లో ఆమె కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే పెట్టారు.

ఇక మన బడి సంగతి. మహబూబాబాదు తండాలనుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో తెలుగు చదువుతారు. రెండు భాషలు వచ్చినవారు ఒక మాట తడబడగానే నవ్వుతాం. భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుని బిడ్డా, ఆఫీసరు బిడ్డా ఒకే బెంచీమీద కూర్చోవచ్చు. చెప్పులు చూసి పక్కకు జరిగితే, మనమే అంకె కట్టినట్టు.

ఈ రోజు మీరు ఎవరికి ఏ అంకె కట్టారో రాత్రి నోటుపుస్తకంలో రాసుకోండి. ఎవరికీ చూపనక్కరలేదు. రేపు భోజనాల వేళ ఆ స్నేహితుని పక్కన కూర్చుని, అతని సంగతి అతని నోటనే వినండి.