ఆడుకోనివ్వండి, బదులు పలకండి

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. అమ్మ, తాత, కాకి... ఇలా ఆరేడు మాటలే అంటాడు. ఫోన్లో రైమ్స్ పెడితేనే అన్నం తింటాడు. వాళ్ల నాన్నకూ మూడేళ్లు వచ్చాకే మాటలొచ్చాయని మా అత్తగారు ధైర్యం చెబుతున్నారు. ఇంకొన్నాళ్లు చూడమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: ఇక చూడొద్దమ్మా. రెండేళ్లు నిండేసరికి పిల్లలు “అమ్మా పాలు”, “తాతా రా” అని రెండు మాటలు కలిపి అనగలగాలి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడైతే తిరిగి చూస్తున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకుంటారు చాలామంది. పెద్ద చప్పుళ్లు వినబడినా మాటలోని సన్నటి శబ్దాలు అందని పిల్లలుంటారు. పేరు పెట్టి పిలిస్తే చూస్తున్నాడా, కావలసినదాన్ని వేలితో చూపిస్తున్నాడా అన్నది కూడా పిల్లల డాక్టరుకు చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ఇలాంటి పరీక్షలు ఉచితంగా చేస్తారు. మీ అత్తగారి మాటే నిజం కావచ్చు. అయినా పరీక్ష చేయిస్తే పోయేదేమీ లేదు, ఊరుకుంటే విలువైన నెలలు పోతాయి.

ఇక ఫోను సంగతి. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు పెద్దలు పక్కనుండగా రోజుకు గంట మించకూడదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఫోను తన పాటికి తాను వాగుతూనే ఉంటుంది, బిడ్డ బదులిస్తాడేమోనని ఒక్క క్షణం ఆగదు. మీరు ఆగగలరు.

చిక్కుడుకాయలకు ఈనెలు తీసేటప్పుడు బాబును పక్కన కూర్చోబెట్టుకోండి. వాడొక కాయ తీసి గిన్నెలో వేసి మీ ముఖంలోకి చూస్తాడు. ఆ చూపు మిమ్మల్ని పలకరించడమే. “కాయ వేశావా! ఇంకో కాయ?” అని, ఇక ఊరుకోండి. మనసులో పది లెక్కపెట్టండి. మనకది చాలాసేపు అనిపిస్తుంది, నోరు ఊరుకోదు. మాట వెతుక్కోవడానికి వాడికి అంత వ్యవధి కావాలి. “కా” అన్నా చాలు. “సరిగ్గా అను” అని దిద్దకుండా “అవును, కాయ” అని మీరే మళ్లీ అనండి. “ఇదేంటి? అదేంటి?” అని పరీక్షలు పెట్టకండి. ఇలా రోజుకు నాలుగైదుసార్లు, ఏ పనిలో ఉన్నా చేయవచ్చు.

అన్నం దగ్గర ఫోను తీసేస్తే మొదట్లో ఏడుస్తాడు, రెండు ముద్దలు తక్కువ తింటాడు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డయితే ఆకలేసినప్పుడు తింటాడు, భయపడకండి. వాడి కంచం వాడి ముందు పెట్టి, వాడి చేత్తోనే కలుపుకోనివ్వండి. ఇల్లంతా మెతుకులవుతాయి, కానివ్వండి. ఆ పూట ఇంట్లో అందరి ఫోన్లూ వేరే గదిలో ఉండాలి, పెద్దవాళ్లవి కూడా.

ప్రశ్న: మా పాపకు మూడున్నరేళ్లు. స్కూల్లో రోజూ రెండు పేజీల అక్షరాలు హోంవర్క్ ఇస్తున్నారు. పెన్సిల్ పట్టుకోగానే ఏడుస్తుంది. ఆటల్లో పడి వెనకబడుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక తండ్రి, హైదరాబాద్

సమాధానం: పాప ఏడుపులో న్యాయం ఉంది. ఆ వయసుకు మణికట్టులోని 8 చిన్న ఎముకలూ పూర్తిగా గట్టిపడవు, వేళ్లకు పట్టు రాదు. ఆ చేత్తో రెండు పేజీలు రాయించడం తప్పు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటలతో, పనులతోనే నేర్పాలంటోంది. గొడవ పడకుండా టీచరుకు ఇదే చెప్పి, రాత తగ్గించమని అడగండి.

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించి ఉంటారు. ఆ పళ్లెం ఆ ఒక్కరోజుతో ఎందుకు ఆగిపోవాలి? మాంటిస్సోరి బడుల్లోనూ గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు తిప్పించాకే రాత దాకా వస్తారు. చపాతీలు చేసేటప్పుడు పాపకూ ఓ పిండిముద్ద ఇవ్వండి. ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టనివ్వండి. వాకిట్లో వరిపిండితో ముగ్గు వేయనివ్వండి, వంకరైనా సరే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జార్చే ఆ పట్టే రేపు పెన్సిల్‌కు పనికొస్తుంది.

ప్రశ్న: నాలుగేళ్ల మా మనవడు పొద్దస్తమానం మూతలు, గరిటెలు ముందేసుకుని వంటాట ఆడతాడు. ఆడపిల్లల ఆటలేమిటని మా అబ్బాయి కసురుకుంటున్నాడు.
– ఒక నానమ్మ, తెనాలి

సమాధానం: గుజ్జనగూళ్లకు ఆడా మగా తేడా లేదండీ. ఉత్త గిన్నెలో అన్నం ఉన్నట్టు ఊహించే పిల్లవాడే రేపు కాగితం మీది గీతలో ఒక శబ్దం ఉందని గ్రహిస్తాడు. ఏ గిన్నెకు ఏ మూతో సరిచూసుకోవడంలో చిన్నదీ పెద్దదీ తెలుస్తుంది. గాజువీ, పదునైనవీ తీసేసి మిగతావి వాడికి వదిలేయండి. ఈ ఆదివారం మీ అబ్బాయిని వాడి పక్కన కూర్చోబెట్టి, కొడుకు వడ్డించింది తిని “కాస్త ఉప్పు తగ్గింది నాన్నా” అనమనండి.