నెమలికంఠం రంగు రాయి: దాన్ని గుర్తుపట్టే పద్ధతి



సెలవుల నుంచి తిరిగి వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో ఊరగాయ సీసా పక్కన ఒక రంగురాయి కూడా పెట్టుకొని వచ్చేవాళ్ళు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. వాటిలో అందరినీ తికమక పెట్టేది నీలం, ఊదా, ఆకుపచ్చ, పసుపు కలగలిసి నెమలికంఠంలా మెరిసే రాయి. ఒకరు అందులో బంగారం ఉందంటారు. ఇంకొకరు రత్నమంటారు. సంతలో అమ్మేవాడు అదృష్టరాయి అని చెప్పి నాన్న రెండు మూడు రోజుల కూలిడబ్బు తీసుకుంటాడు. మన ఇళ్ళలో అది చిన్న మొత్తం కాదు. కాబట్టి అది ఏ ఖనిజమో మనమే తేల్చుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిదో తరగతి వాళ్ళు కూడా చేయవచ్చు.

ముందు రంగు సంగతి చూద్దాం. తడి రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే ఇంద్రధనుస్సు కనిపిస్తుంది కదా! పెట్రోలుకు ఆ రంగులు లేవు. పలచని పొర పైనుంచీ, అడుగునుంచీ తిరిగి వచ్చే కాంతి తరంగాలు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణగిపోతాయి. మన ఫిజిక్సు పుస్తకంలో దీని పేరు వ్యతికరణం. రాయి మీద గాలికి, తేమకు ఏర్పడిన పొర కూడా ఇదే పని చేస్తుంది. కొన్ని రాళ్ళలో మాత్రం ఇలాంటి పొరలు లోపలే ఉంటాయి. అందుకని మొదట చూడవలసింది రంగు పైన ఉందా, లోపల ఉందా అని.

రాయిని ఎండలో మెల్లగా తిప్పండి. ఒక కోణంలో నీలంగా తళుక్కుమని, కాస్త తిప్పగానే మామూలు బూడిదరంగుకు వస్తే అది లాబ్రడొరైట్ కావచ్చు. కెనడాలోని లాబ్రడార్ తీరం పేరే దానికి వచ్చింది. అది గాజును గీస్తుంది. రేకులు రేకులుగా ఊడివస్తే అభ్రకం. గూడూరు వైపు వాళ్ళకు దాని గురించి నేను చెప్పనక్కరలేదు.

ఎటు తిప్పినా రంగు కనిపిస్తూ, చేతికి లోహంలా బరువుగా తగిలితే రంగు పైపొరదే అనుకోవచ్చు. అప్పుడు రాయిని పాతగుడ్డలో చుట్టి, అంచు మీద సుత్తితో ఒక దెబ్బ వేయండి. గుడ్డ లేకుండా కొట్టవద్దు, ముక్క కంట్లో పడుతుంది. కొత్తగా విరిగిన చోటు ఇత్తడిలా పసుపుగా ఉంటే అది చాల్కోపైరైట్ గాని, పైరైట్ గాని కావచ్చు. ఇనుపమేకు గీస్తే గీత పడేది చాల్కోపైరైట్. మేకుకు లొంగనిది పైరైట్. విరిగిన చోటు రాగి, గోధుమ కలిసిన రంగులో ఉంటే అది బోర్నైట్. ఆస్ట్రియా ఖనిజ శాస్త్రవేత్త ఇగ్నాజ్ ఫాన్ బోర్న్ పేరు మీద 1845లో ఈ పేరు పెట్టారు. ఆ విరిగిన ముక్కను కిటికీలో పెట్టి రోజూ చూడండి. కొన్నాళ్ళకు దానికీ ఊదారంగు పడుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇదే.

తర్వాతది గీటు. కంసాలి గీటురాయి మీద బంగారం గీసి చూసినట్టే మనం టైలు వెనకవైపు, నునుపు లేని చోట రాయిని గీయాలి. పైన ఎన్ని రంగులున్నా పొడి రంగు అబద్ధం చెప్పదు. బోర్నైట్ గీటు బూడిద కలిసిన నలుపు. చాల్కోపైరైట్ గీటు ఆకుపచ్చ కలిసిన నలుపు. గీటు ఎర్రగా పడితే హెమటైట్, పసుపు గోధుమగా పడితే గోథైట్. ఈ రెండూ ఇనుప ఖనిజాలే, వీటి మీద కూడా ఇంద్రధనుస్సు పొర ఉంటుంది. రాయే టైలును కోసేస్తుంటే, పలకలు కూడా పదునుగా ఉంటే అది కొలిమిలో తయారైన కార్బొరండం కావచ్చు. దాన్ని కూడా ఖనిజమని అమ్ముతారు.

ఇంకా అనుమానం ఉంటే సైన్సు ల్యాబులోని స్ప్రింగు త్రాసు అడిగి తెచ్చుకోండి. రాయిని దారంతో కట్టి గాలిలో ఒకసారి, నీళ్ళలో అడుగు తగలకుండా ముంచి ఒకసారి తూచాలి. గాలిలో 210 గ్రాములు, నీళ్ళలో 168 గ్రాములు వచ్చిందనుకుందాం. తగ్గింది 42. 210ని 42తో భాగిస్తే 5. ఇది బోర్నైట్ లెక్క. అదే బరువుకు 50 తగ్గితే 4.2, అది చాల్కోపైరైట్. సుమారు 78 తగ్గితే 2.7, అంటే లాబ్రడొరైట్ దగ్గరికి వచ్చాం. రాయిలో తెల్లని పలుగు కలిసి ఉంటే అంకె తగ్గుతుంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పవద్దు. బోర్నైట్, చాల్కోపైరైట్ తరచుగా ఒకే రాయిలో కలిసి ఉంటాయి కూడా.

రెండూ రాగి ఖనిజాలే. బోర్నైట్‌లో నూటికి 63 పాళ్ళు, చాల్కోపైరైట్‌లో సుమారు 35 పాళ్ళు రాగి ఉంటుంది. పల్నాడు ప్రాంతంలోని అగ్నిగుండాల రాగి, సీసం ఖనిజాలకు పేరు పొందిన చోటు. అయితే చేతిలో పట్టే ఒక్క రాయిలోని రాగికి పెద్ద ధర ఏమీ రాదు. పైగా దుకాణాల్లో నెమలి ఖనిజమని అమ్మేవి చాలావరకు ఆమ్లంలో ముంచి రంగు తెప్పించిన చాల్కోపైరైట్ ముక్కలే. ఒక మూలన గిల్లి చూస్తే ఇత్తడి పసుపు బయటపడుతుంది. గిల్లనివ్వనివాడి దగ్గర కొనకండి.

ఈ రాళ్ళను పొయ్యి మీద కాల్చవద్దు. గంధకం ఉన్నందువల్ల ఘాటైన విషవాయువు వస్తుంది. కొన్నిటిలో ఆర్సెనిక్ కూడా ఉండవచ్చు. నాలుకతో తాకవద్దు, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

చివరగా రాయికి ఒక చీటీ అంటించండి. ఊరు, తేదీ, పొలమా, వాగా, బావి తవ్విన మట్టా, పక్కన ఎలాంటి రాయి ఉంది అన్నీ రాయండి. మీ పరీక్షలకు లొంగని రాయిని దగ్గరలోని కాలేజీలో జియాలజీ లెక్చరరుకు చూపించవచ్చు. హైదరాబాదు బండ్లగూడలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ కార్యాలయం కూడా ఉంది. ఎవరికి చూపించినా వాళ్ళు ముందు అడిగేది ఎక్కడ దొరికిందనే.