అధివృక్క గ్రంథిలో కంతి: హార్మోన్ల పరీక్షలు, అతిమధురం

మూత్రపిండాలపై టోపీల వలె అమరియున్న రెండు చిన్న గ్రంథులే అధివృక్క గ్రంథులు. ఒక్కొక్కటి సుమారు 5 గ్రాములు తూగుతుంది. రక్తపోటును, శరీరంలోని లవణాలను అదుపుచేసే హార్మోన్లు వీటిలో తయారవుతాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి మూలంగా క్రియాటినిన్ పరీక్ష అందరికీ సుపరిచితమే. అయితే ఆ పరీక్ష ఈ గ్రంథుల స్థితిని తెలుపదు. వేరొక కారణంతో తీసిన స్కానింగులో వీటిపై కంతి కనబడితే భయపడనక్కరలేదు. అధికభాగం క్యాన్సరు కావు. కాని హార్మోన్ల పరీక్ష తప్పనిసరి.

పరీక్షలు మూడు

1. కార్టిసాల్: రాత్రి 11 గంటలకు 1 మి.గ్రా. డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి, మరునాటి ఉదయం రక్తం తీస్తారు. కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాములకు (డెసిలీటరుకు) మించకుండా తగ్గాలి.

2. మెటానెఫ్రిన్లు: ఉండుండి తలనొప్పి, గుండెదడ, చెమటలు వచ్చేవారికి ఇది ముఖ్యం. 24 గంటల మూత్రం పట్టవలసివస్తే తొలి ఉదయపు మూత్రం విడిచి, మరునాటి తొలి మూత్రం వరకు అంతా సేకరించాలి.

3. ఆల్డోస్టిరోన్, రెనిన్: అధిక రక్తపోటు గాని, పొటాషియం తగ్గుదల గాని ఉన్నవారికి.

అతిమధురంతో జాగ్రత్త

దగ్గుకు, గొంతు నొప్పికి మన ఇండ్లలో వాడే అతిమధురం మంచి ఔషధమే. కాని ఎక్కువకాలం వాడితే అందలి గ్లిసిరైజిన్ వలన ఒంట్లో ఉప్పు నిలిచి, రక్తపోటు పెరిగి, పొటాషియం తగ్గుతుంది. అనగా కంతి లేకున్నా ఆల్డోస్టిరోన్ అధికమైనట్లే లక్షణాలు కనబడతాయి. పరీక్షలో మాత్రం రెనిన్, ఆల్డోస్టిరోన్ రెండూ తగ్గి ఫలితం తారుమారవుతుంది. కనుక ఆ పరీక్షకు కనీసం 4 వారాల ముందే దీనిని మానాలి. కషాయాలు, లేహ్యాల సీసాలపై "యష్టిమధు" అని ఉన్నదీ ఇదే. రక్తపోటు మాత్రలను మాత్రం వైద్యుడు చెప్పనిదే ఆపరాదు.

శస్త్రచికిత్స తరువాత

కార్టిసాల్ అధికంగా స్రవించే కంతిని తొలగించిన పిదప రెండవ గ్రంథి కొన్నాళ్లు మందగించి ఉంటుంది. అప్పుడిచ్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలను తమంత తాము ఆపుట ప్రాణాపాయం. వాంతులు, తీవ్ర నీరసం కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మెటానెఫ్రిన్లు పెంచే కంతిని తీసినవారు ఏటేటా, కనీసం 10 సంవత్సరాలు, ఆ పరీక్ష చేయించుకోవాలి.

ఈ కంతులకు గృహవైద్యం లేదు. శ్రీకాకుళం, విజయనగరం వాసులకు సమీపాన విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో ఎండోక్రినాలజీ విభాగమున్నది. అక్కడికి వెళ్లునపుడు పాత నివేదికలతోపాటు ఇంట్లో వాడుతున్న చూర్ణాల, కషాయాల పేర్లనూ వ్రాసుకొని వెళ్లండి.