పటములలో మన యూళ్ల పేర్లు చెడుటయు, వానిని బాగుచేయుటయు

గత సంవత్సరము మా పై తరగతి విద్యార్థులు గుంతకల్లు చుట్టుపట్ల గ్రామములకు పోయి, ఏ యూరి బావి యెండినది, ఏ బోరున నీరు వచ్చుచున్నది యను సంగతులను వ్రాసికొని వచ్చిరి. కరువుసీమలో నిట్టి పట్టిక విలువ తలిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. పిల్లలు పేర్లన్నియు తెలుగుననే వ్రాసి కంప్యూటరులో పటముగ నమర్చిరి. కొన్నాళ్లకు దానిని వేఱొకచోట తెఱచి చూడగా, ఊళ్ల చుక్కలు సరిగానే యున్నవి గాని పేర్లు లేవు. ఆ స్థానమున తలపై గీతగల ఇంగ్లీషు ‘ఎ’ అక్షరము, డిగ్రీ సున్న, ఒక పెద్ద గీత, మరల అదే ‘ఎ’ యిట్లు వరుసగా కనబడెను. “వైరసు పట్టినది” అని యొకడు, “తెలుగు కంప్యూటరునకు పనికిరాదు” అని యొకడు ననిరి. రెండును తప్పే.

కంప్యూటరు అక్షరముల నెఱుగదు, అంకెలనే యెఱుగును. ఏ యక్షరమునకు ఏ యంకె యను నొప్పందము యూనికోడు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగునకు స్థానము కలిగెను. మన లిపికి 3072 మొదలు 3199 వఱకును, దాని వెంటనే కన్నడమునకు 3200 మొదలు 3327 వఱకును అంకెలు కేటాయింపబడినవి. ‘గ’ 3095. అయితే ఫైలులోని యొక్కొక్క గడి, అనగా బైటు, 255కు మించిన యంకెను పట్టదు. కావున 1992లో కెన్ థామ్సను, రాబ్ పైకు అనువారు కల్పించిన యూ.టి.ఎఫ్-8 పద్ధతిని బట్టి ప్రతి తెలుగు గుర్తును మూడేసి బైట్లుగ వ్రాయుదురు. ‘గ’ యనగా 224, 176, 151. మన యూరి పేరులో గ, ఉత్వము, సున్న, త, క, ల, పొల్లు, ల, ఉత్వము కలిసి తొమ్మిది గుర్తులు, ఇరువదియేడు బైట్లు. ఇంగ్లీషున నెనిమిదే.

పూర్వము మన జంక్షనులో బ్రాడ్‌గేజి, మీటర్‌గేజి పట్టాలు రెండు నుండెడివి. ఒక బండి సరకును రెండవ బండికి మార్చునప్పుడు మూటమీది చీటీయే యాధారము. పటపు ఫైళ్లకును అట్టి చీటీ కావలెను. మా పిల్లలు వాడినది షేప్‌ఫైలు. ఇది పేరునకు ఒకటే గాని నిజమునకు కొన్ని ఫైళ్ల కట్ట. పేర్లుండునది డి.బి.ఎఫ్. అను పాతకాలపు పట్టికలో. దాని తలకట్టున లిపి తెలుపుటకు ఒక్క బైటు మాత్రమే కలదు. అది యీ పనికి చాలదు. కావున సి.పి.జి. అను మఱియొక చిన్న ఫైలులో ‘యూ.టి.ఎఫ్-8’ అను నొక్క మాట వ్రాసి ప్రక్కన నుంచుదురు. మా వారు పెద్ద ఫైళ్లు మూడు పంపి, ఈ చిన్నదానిని వ్యర్థమని విడిచిరి. చీటీ లేనందున అవతలి యంత్రము పడమటి యూరపు భాషల పట్టిక, అనగా విండోస్-1252, పట్టుకొని చదివెను. ఆ పట్టికలో 224 తలగీత ‘ఎ’, 176 డిగ్రీ సున్న, 151 పెద్ద గీత.

చికిత్స సులభము, ఫైలును మరల భద్రపఱచకున్నచో. క్యూజిస్ అను ఉచిత పటముల ప్రోగ్రాములో ఆ పొర యొక్క లక్షణముల పుటకు పోయి, మూలము అనుచోట లిపిపద్ధతిని యూ.టి.ఎఫ్-8గ మార్చిన చాలును. లేదా అదే పేరుతో సి.పి.జి. ఫైలును మీరే వ్రాసి ప్రక్కన బెట్టుడు. పేర్లు తత్‌క్షణమే లేచి వచ్చును.

భద్రపఱచినచో కథ వేఱు. విండోస్-1252లో 129, 141, 143, 144, 157 అను నైదంకెలకు అక్షరమే లేదు. కొన్ని ప్రోగ్రాములు వానిని యథాతథముగ నుంచును. కొన్ని ప్రశ్నార్థకము బెట్టి మూలమును చెఱుపును. మన దౌర్భాగ్యమేమన, ఉత్వపు కడపటి బైటు 129, పొల్లుది 141. ఈ రెండును లేక తెలుగు నడచునా? గుంతకల్లు ‘గంతకలల’ యగును, గుత్తి ‘గతతి’ యగును, వజ్రకరూరు ‘వజరకరూర’ యగును. ఉరవకొండలో ఆ రెండును లేవు గనుక అది యొక్కటే చెక్కుచెదరక బయటపడును! బైట్లు పోనిచోట, చెడిన పాఠమును విండోస్-1252గ బైట్లలోనికి మరల్చి, ఆ బైట్లను యూ.టి.ఎఫ్-8గ చదివించిన పేరు తిరిగి వచ్చును. పోయినచోట ఏ మంత్రమును లేదు.

మఱియొక గండము గడి వెడల్పు. ఇంగ్లీషు పేర్లకని ఇరువది బైట్ల గడి కట్టి అందు గుంతకల్లును వ్రాసిన, ఆఱు గుర్తులు పట్టి, ఏడవదైన పొల్లు మధ్యకు తెగి, ‘గుంతకల’ తరువాత నొక తునక మిగులును. తెలుగునకు మూడింతల చోటు ముందే యుంచవలెను. డి.బి.ఎఫ్.లో గడికి 254 బైట్లే హద్దు. జియోప్యాకేజి యను క్రొత్త రకపు ఫైలులో ఈ యిరుకు లేదు.

బళ్ళారి ప్రక్కనున్నందున మన పటములలో కన్నడ పేర్లును వచ్చును. పిచ్చిగీతలలో డిగ్రీ సున్న గాని, కూడిక తీసివేతల జంట గుర్తు గాని మాటిమాటికి వచ్చిన నది తెలుగు. చిన్న రెండు, చిన్న మూడు అంకెలు పైన వ్రేలాడుచున్న నది కన్నడము. ఏలయన రెండవ బైటు తెలుగున 176, 177; కన్నడమున 178, 179. అచ్చుకూటముల పాత ఫాంట్లలో వ్రాసిన పట్టికల జబ్బు మాత్రము వేఱు. అవి ఇంగ్లీషు అక్షరములకే తెలుగు వేషము వేసినవి. వానికి మార్పిడి ప్రోగ్రాము కావలెను.

ఇంత శ్రమ యేల, ఇంగ్లీషున వ్రాసిన సరిపోదా యని యొక తండ్రిగారు నన్నడిగిరి. ఇంగ్లీషున వ్రాసిన మన యూరి పేరును తెలియనివాడు గుంటకల్ అనవచ్చును, గుంతకాల్ అనవచ్చును. నీళ్ల బండి పంపవలసినవాడు ఊరి పేరును ఊరివారు పలికినట్లు చదువగలుగవలెను గదా.

మా పట్టిక యొక ప్రతి భద్రపఱచబడియే తిరిగి వచ్చినది. పిల్లల చేతివ్రాత పుస్తకములు దాచియుండుటచే చాలవఱకు పేర్లను మరల వ్రాసితిమి. ఒక పుస్తకము వానకు తడిసినది. అందలి యూళ్ల పేర్లను సరిచూచుకొనుటకు ఇద్దఱు విద్యార్థులు ఈ వేసవి సెలవులలో ఆ గ్రామములకు మరల పోవుచున్నారు.